తెలుగు రాని ఫోను

మా చెల్లెలి విషయంలో నేనొక తప్పు చేశాను. దొంగతనం కాదు. కొట్టడం, తిట్టడం కాదు. ఎవరికీ కనపడని తప్పు. కనపడకపోగా చూసినవాళ్లకి అది మంచితనంలా తోచింది. అందుకే ఇన్నేళ్లు మోయవలసి వచ్చింది. చెడ్డపని చేసి నాలుగు తిట్లు తింటే ఆ లెక్క కొంతయినా అక్కడితో తెగిపోతుంది. చెడ్డపని చేసి మెప్పు పొందితే, ఆ మెప్పు కూడా వచ్చి బరువు మీద కూర్చుంటుంది.

మీరెవరో నాకు తెలీదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. పేర్లు మార్చాను. ఇంకేమీ మార్చలేదు. మార్చమని చెయ్యి లాగినచోట్ల ఆపుకున్నాను. నా భార్యకు కూడా చెప్పని సంగతి మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఓదార్చలేరు.

చెల్లెల్ని సత్య అంటాను. నాకన్నా ఆరేళ్లు చిన్నది. పసితనంలో పెద్ద జ్వరం వచ్చి తగ్గింది గానీ వినికిడి మాత్రం దానితోనే పోయింది. మాట రాలేదు. కాకినాడలో చెవిటిపిల్లల బడిలో వేస్తే అక్కడ హాస్టల్లో ఉండి తెలుగు చక్కగా నేర్చుకుంది. దస్తూరీ ముత్యాల్లా ఉండేది. తను ఏడో తరగతిలో ఉండగా నాన్నగారు పోయారు. చదువు అక్కడితో ఆగింది. నాకు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. మాది కడియం పక్కన ఊరు, ఎటు చూసినా మొక్కల నర్సరీలే. సత్య ఓ నర్సరీలో గులాబీలకి అంట్లు కట్టే పనిలో చేరింది. అంటు కట్టడమంటే ఒక కొమ్మ మీద ఇంకో కొమ్మని నిలబెట్టి రెండూ ఒకటే మొక్కని నమ్మించడం. ఆ పనికి చేతులు నెమ్మదిగా ఉండాలి. తన చేతులు అలా ఉండేవి.

ఇంట్లో మాకు మా సైగలు ఉండేవి. అమ్మంటే ముక్కుపుడక మీద వేలు. నేనంటే చొక్కా జేబు మీద తట్టడం. ఎవరూ నేర్పనివి, మాలో మేము కల్పించుకున్నవి. అమ్మకు సగమే అర్థమయ్యేవి. ఊరికి అసలు అర్థమయ్యేవి కావు. అందువల్ల లోకానికీ తనకీ మధ్య నేనే ఉండేవాణ్ణి. డాక్టరు దగ్గర నేను. బట్టల కొట్టులో నేను. పెళ్లిలో పక్కన కూర్చుని ఎవరేమంటున్నారో చెప్పేవాణ్ణి నేను.

అన్నీ చెప్పేవాణ్ణా? లేదు.

ఓసారి ద్రాక్షారామంలో ఓ పెళ్లికి వెళ్లాం. మా దూరపు అత్తయ్య ఒకావిడ సత్యని ఎగాదిగా చూసి, "ఎంత చక్కగా ఉంటే ఏం లాభంలే, నోరు లేకపోయె" అంది. ఏమంటోంది అని సత్య నన్నడిగింది. నీ చీర బాగుందంటోంది అన్నాను. సత్య ముఖం నిండా నవ్వుతో ఆవిడకి నమస్కారం పెట్టింది. ఆవిడ సిగ్గుపడింది. నేను ఉప్పొంగాను. అది దయే అనుకున్నాను. దయే కావచ్చు కూడా. కానీ వడకట్టడం మరిగిన చెయ్యి ఒకసారితో ఆగదు. ఏది తనకి చేరాలో ఏది చేరకూడదో తేల్చే పని నాదనిపించింది. ఇంకో నర్సరీ ఆయన ఎక్కువ కూలీ ఇస్తానని మా అమ్మతో అంటే, దూరం కదా అని నాకు నేనే నిర్ణయించుకుని ఆ మాట తనకి చెప్పలేదు. ఇవన్నీ చిన్నవి. చిన్నవాటితోనే చెయ్యి తిరిగింది.

రెండువేల అయిదో ఆరో, ఆ ప్రాంతంలో సెల్‌ఫోన్లు చవకయ్యాయి. వచ్చే కాల్‌కి డబ్బులు పోవడం మానేశాక మేస్త్రీల దగ్గరా పాలవాళ్ల దగ్గరా కూడా కనిపించసాగాయి. ఆ ఏడు కాకినాడ బడిలో పాత విద్యార్థులంతా కలుసుకుంటున్నారని కార్డు ముక్క వచ్చింది. నేనే తీసుకెళ్లాను.

అక్కడ నాకొక వింత అనుభవం. ఆవరణ నిండా మనుషులు, చప్పుడు లేదు. అందరి చేతులూ మాట్లాడుతున్నాయి. అది మా ఇంటి సైగ కాదు, బడిలో నేర్చుకున్న భాష. సత్య అందులో దిగి ఈదేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఓ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఎవరో ఏదో అడిగితే వెర్రి నవ్వు నవ్వాను. తనకి లోకంలో ఎలా ఉంటుందో ఆ పూట నాకు తెలిసింది. తెలిసినందుకు మెత్తబడాలి కదా మనిషి? నేను బిగుసుకున్నాను.

అక్కడే శ్రీనుని చూశాను. సత్య కన్నా రెండు తరగతులు పైన చదివినవాడు. మండపేటలో లారీలకి పేర్లూ బొమ్మలూ రాసే పని. వేళ్ల సందుల్లో ఎర్ర రంగు ఉంది. అతని దగ్గర ఫోను ఉంది, అందులో తెలుగు అక్షరాలు వస్తాయి. ఏదో నొక్కి సత్యకి చూపించాడు. సత్య అందుకుని తనూ నొక్కి ఇచ్చింది. వరండా గట్టు మీద పక్కపక్కన కూర్చుని ఆ ఫోను ఇటూ అటూ మార్చుకుంటూ ఎంతసేపున్నారో. మధ్యలో సత్య నవ్వింది. చప్పుడు చేస్తూ నవ్వింది. నోట్లోంచి వచ్చే చప్పుడంటే తనకి ఎప్పుడూ బెరుకు, చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆరోజు పెట్టుకోలేదు.

తిరుగు బస్సులో నా అరచెయ్యి లాక్కుని వేలితో రాసింది. తెలుగు ఫోను. మళ్లీ రాసింది. కావాలి.

డబ్బు తనదే. కూలీలోంచి మిగిల్చి అమ్మ దగ్గర దాచుకున్నది. మూడు వేలు తీసి నా చేతిలో పెట్టింది. అమ్మ మాత్రం గొణిగింది.

"వినపడని పిల్లకి ఫోనేంట్రా? చెవిలో పెట్టుకుని ఏం చేస్తుంది?"

"అక్షరాలు పంపుకుంటారమ్మా."

"అక్షరాలకి మూడు వేలా? నీకు తెలుసుగా, చూసి కొను. ఊరికే తగలెయ్యకు."

చూసి కొనడం. నాకు బాగా వచ్చిన విద్య అది. ఆఫీసులో అందరినీ అడిగాను. ఫోనుకి పదిహేను వందలు దాటి పెట్టడం దండగని ఒకరు, రేపటికి ధర పడిపోతుంది ఆగమని ఇంకొకరు, నీళ్లలో పడితే పోయే వస్తువుకి అంతెందుకని మరొకరు. మీకు నిజం చెబుతున్నాను, మొదట్లో నేను కూడా ఖర్చు గురించే ఆలోచించాను. తను మట్టిలో, నీళ్లలో పనిచేసే మనిషి. వస్తువు పాడైతే మళ్లీ ఎన్నాళ్లకి కూడబెడుతుంది? అది న్యాయమైన ఆలోచనే. అక్కడే ఆగిపోయి ఉంటే నేను మీకు ఇది రాసేవాణ్ణి కాదు.

రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక చిన్న షాపుకి వెళ్లాను. ఆఫీసు ఉన్న రోజు చూసుకుని ఒక్కణ్ణే వెళ్లాను. తనని తీసుకెళ్లడానికి ఆదివారం ఆగవచ్చు. ఆగలేదు. షాపతను కుర్రవాడు కాదు, నా ఈడువాడే. గాజు బల్ల మీద రెండు ఫోన్లు పెట్టాడు.

"ఇది పదిహేను వందలండి. గట్టి పిండం. కిందపడినా ఏం కాదు. ఇదేమో రెండువేల ఏడొందలు. దీంట్లో తెలుగు వస్తుందండి, చూడండి." నొక్కి చూపించాడు. చిన్న తెర మీద 'నమస్కారం' అని వచ్చింది. "ఎవరికండి, మీకేనా?"

"మా చెల్లికి. వినపడదు."

"అయితే ఇంకేం ఆలోచించకండి, తెలుగుదే తీసుకోండి. ఆవిడకి ఇదే నోరు."

ఆ మాట అతను మంచికే అన్నాడు. నాకు గుచ్చుకుంది. దాని నోరు నేను కదా, అనిపించింది. ఇంత స్పష్టంగా అప్పుడు అనిపించలేదు, ఇప్పుడు మాటల్లో పెడుతున్నాను. అప్పుడు కనిపించింది ఆ వరండా గట్టు. ఆ నవ్వు. చేతికి ఫోనొస్తే రోజూ అలా నవ్వుతుందని, నేను స్తంభానికి ఆనుకుని నిలబడతానని.

జేబులో డబ్బు సరిపోయేంత ఉంది. మిగిలేంత ఉంది.

"ఇది ఇవ్వండి" అన్నాను, పదిహేను వందలది చూపించి.

ఇంటికొచ్చి సత్యకి సైగలతో చెప్పాను. తెలుగుది అయిదు వేలట, అదీ లేదట, తెప్పించాలట. ఇది గట్టిది. మిగిలిన డబ్బు నోట్లు నోట్లుగా తన చేతిలో పెట్టాను. ఫోను తిప్పి తిప్పి చూసుకుంది. ముఖం ఒక్క క్షణం పడిపోయి మళ్లీ లేచింది. నా భుజం తట్టింది, ఫరవాలేదులే అన్నట్టు. "నా కొడుకు పైసా అటూ ఇటూ కానివ్వడు" అని అమ్మ పక్కింటావిడతో చెప్పింది. ఆ మిగిలిన డబ్బులోంచి సత్య నాకు నీలం చారల చొక్కాగుడ్డ కొనుక్కొచ్చింది. కుట్టించుకున్నాను. తొడుక్కున్నాను. చాలాకాలం తొడుక్కున్నాను.

ఆ ఫోనులో ఇంగ్లీషు తప్ప రాదు. సత్యకి ఇంగ్లీషు అక్షరాలు తెలుసు గానీ మాటలు రావు. మాట చప్పుడు తెలియని మనిషి కాబట్టి తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడమూ రాదు. నేను నేర్పాను. ఓకే. కమ్. రెయిన్. లేట్. ఫీవర్. రైస్. ఇలా ఓ పాతిక మాటలు కాగితం మీద రాసి పక్కన తెలుగు రాసిచ్చాను. శ్రద్ధగా నేర్చుకుంది. ఆఫీసులో ఉంటే నా ఫోను మోగేది. రెయిన్ కమ్. అంటే వాన వచ్చేలా ఉంది, పెందలాడే రా అని. పక్క సీటు వాళ్లకి చూపించి మురిసిపోయేవాణ్ణి. మనిషికి పాతిక మాటలిచ్చి, ఆ పాతికలోనే బతకమని చెప్పి, ఎంత బాగా బతుకుతోందో చూడండని మురిసిపోవడం ఎలాంటిదో అప్పుడు నాకు తట్టలేదు. లేక తట్టిందా? తట్టకుండా చూసుకున్నానా?

శ్రీను నంబరు తన దగ్గర ఉంది. మొదటి వారంలోనే అతనికి ఓకే సత్య అని పంపిందట. ఆ తర్వాత ఓ సాయంత్రం ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తెర నిండా చిన్న చిన్న డబ్బాలు. ఖాళీ చతురస్రాలు, వరసగా. ఇదేంటి అంది. అతను తెలుగులో రాసినవి, ఈ ఫోను చదవలేక డబ్బాలు చూపిస్తోందని నాకు చూడగానే తెలిసింది. దారిలో పాడైపోయాయి అన్నాను. మర్నాడు ఇంకోటి వచ్చింది. ఆ మర్నాడు ఇంకోటి. ప్రతిసారీ తెచ్చి చూపించేది. ప్రతిసారీ నేను పెదవి విరిచేవాణ్ణి.

ఉత్తరాలు రాసుకోవచ్చు కదా అని మీరనుకోవచ్చు. నేనూ ఆ భయంతోనే ఉన్నాను. కానీ పెళ్లికాని పిల్లకి మగవాడి దగ్గర్నించి ఉత్తరమొస్తే మా ఊళ్లో ఏమనుకుంటారో తనకి తెలుసు. అతనికీ తెలుసు. వాళ్లకి ఆ ఫోనొక్కటే దారి.

ఒకరోజు సత్య ఫోను నా చేతిలో పెట్టి, ఆఫీసుకి తీసుకెళ్లమంది. ఇంకెవరైనా చదవగలరేమో అడగమంది. తీసుకెళ్లాను. మా ఆఫీసులో ఒకాయన దగ్గర తెలుగు వచ్చే ఫోను ఉంది. మధ్యాహ్నం అడిగి తీసుకుని, తన సిమ్ము అందులో వేశాను. డబ్బాలన్నీ అక్షరాలయ్యాయి.

చదివాను. చదవకూడదని కూడా అనిపించలేదు నాకు. తనవన్నీ నేను చదవడం, చెప్పడం మామూలే కదా.

ఇవాళ లారీకి నెమలి వేశాను, ఓనరు మెచ్చుకున్నాడు, నువ్వు చూస్తే బాగుండును. గులాబీకి అంటు ఎలా కడతారో చెప్పు. నీకు నీలం రంగు ఇష్టమా, ఆకుపచ్చా? నువ్వెందుకు తెలుగులో రాయవు? రెయిన్ అంటావు, వాన ఎలా ఉందో చెప్పు. ఇలాంటివి. చివరిదొకటి. మా అన్నయ్యని మీ ఇంటికి పంపించనా? నీకు ఇష్టమైతేనే. లేకపోతే చెప్పెయ్యి, నేనేమీ అనుకోను.

బయట కాలవ గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. ఆలోచించాను అని రాయబోయాను. అది ఆలోచన కాదు. ఏం చేయాలో ముందే తేల్చేసుకుని, దానికి కారణాలు వెతుక్కోవడం. ఇద్దరికీ వినపడదు, రేపు పిల్ల ఏడిస్తే ఎవరు లేస్తారు? లారీలకి రంగులేసేవాడు ఏం పోషిస్తాడు? వాళ్లు మావాళ్లు కాదు, అమ్మ ఒప్పుకోదు. ఇవన్నీ పెద్దవాళ్లు కూర్చుని మాట్లాడుకోవలసిన విషయాలు, సత్యే ముందుండి మాట్లాడవలసిన విషయాలు. నేను ఒక్కణ్ణే మాట్లాడి, ఒక్కణ్ణే ఒప్పుకున్నాను. తన కూలీ డబ్బు ఇంట్లోకి వచ్చేది, అది కూడా ఒక కారణమా? కాదని ప్రమాణం చేయలేను. కానీ అన్నిటికన్నా అడుగున ఉన్నది వేరు. తను వెళ్లిపోతే నేనెవరికి కావాలి? గుమాస్తాని. ఆఫీసులో నా మాటకి విలువ లేదు. ఊళ్లో లేదు. ఒక్క మనిషికి నేను లోకమంతా.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సత్య గుమ్మంలోనే ఉంది. ఎవరైనా చదివారా అని అడిగింది. తల అడ్డంగా ఊపాను. మన ఫోనులో తెలుగు రాదని, ఇంగ్లీషులో పంపమని అతనికి చెబుదాం అన్నాను. సరేనంది. నేను ఫోను తీసుకుని ఇంగ్లీషులో ఓ వాక్యం కొట్టాను. నేర్పిన పాతిక మాటల్లో ఒక్కటీ అందులో లేకుండా చూసుకున్నాను.

నాట్ ఇంట్రెస్టెడ్. డోంట్ మెసేజ్ ఎనీ మోర్.

తనకి చూపించి, ఇంగ్లీషులో పంపమని రాశాను అన్నాను. సత్య ఆ వాక్యాన్ని పెదాలు కదుపుతూ చూసింది. ఫోను నా చేతిలోంచి తీసుకుంది. పంపే మీట తనే నొక్కింది.

నేను నొక్కి ఉంటే కొంచెం నయమేమో. తన వేలే నొక్కింది. ఇదే నేను మీకు చెప్పదలచుకున్నది. మిగతాదంతా దీని చుట్టూ ఉన్న గోడ.

ఆ తర్వాత డబ్బాలు రాలేదు. ఇంగ్లీషూ రాలేదు. నర్సరీలో పని మధ్యలో చెయ్యి తుడుచుకుని ఫోను చూసుకునేదని, అక్కడ పనిచేసే మనిషి మా అమ్మతో అంది. కొన్నాళ్లకి చూసుకోవడం మానేసింది. ఆ ఏడాది చివర, బడిలో మళ్లీ కలుసుకుంటున్నారంటే తను వెళ్లనంది. వెళ్లొచ్చిన స్నేహితురాలు శ్రీనుకి పెళ్లి కుదిరిందని చెప్పిందట. రామచంద్రపురం అమ్మాయి, వినపడే పిల్ల.

ఆ కబురు తెలిసిన రోజున సత్య నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నా అరచెయ్యి అందుకుంది. నెమ్మదిగా రాసింది. ఆరోజు ఏం రాశావు?

ఇంగ్లీషులో పంపమని, అన్నాను.

వినపడనివాళ్లు ముఖాలు చదువుతారు. మనం మాటలు వింటూ ముఖం సంగతి మరిచిపోతాం, వాళ్లు మరవరు. సత్య నా ముఖం వైపు చూసింది. చూస్తూనే ఉంది. నేను కళ్లు తిప్పుకోకుండా నిలబెట్టాను, తిప్పుకుంటే దొరికిపోతానని. చివరికి తల ఊపి, నా చెయ్యి వదిలి లేచి వెళ్లింది. నమ్మి ఊపిందో, తెలిసి ఊపిందో నాకు తెలీదు. ఇంకో ప్రశ్న వేసి ఉంటే చెప్పేసేవాణ్ణా? ఆ ప్రశ్న కోసం నేను ఎదురుచూశాను. రాలేదు. అడగందే చెప్పకపోవడానికి నాకది సాకయింది.

ఓ మూడేళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది. సత్య నర్సరీలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి మా ఇంటి పక్కనే కొంచెం భూమి కౌలుకి తీసుకుని సొంతంగా మొక్కలు పెంచడం మొదలుపెట్టింది. ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా రాజమండ్రి బస్సెక్కి వెళ్లి, మధ్యాహ్నానికి కొత్త ఫోనుతో తిరిగొచ్చింది. ఏం కావాలో కాగితం మీద రాసుకుని వెళ్లిందట. ఎంతయింది అని సైగ చేశాను. నవ్వి, చెయ్యి ఊపేసింది. నీకెందుకులే అన్నట్టు. కోపం లేదు అందులో. ఎంత పెట్టాలో అప్పటికే తేల్చుకున్న మనిషి, అంతే.

మర్నాడు ఆఫీసులో నా ఫోను మోగింది. సత్య దగ్గర్నించి. తెర నిండా డబ్బాలు.

నాదీ తెలుగు రాని ఫోనే. నాకెప్పుడూ ఆ అవసరం కలగలేదు. ఆ డబ్బాల వైపు చూస్తూ కూర్చున్నాను. మా చెల్లెలు నాతో ఏదో అంటోంది, అదేమిటో నాకు తెలీదు. ఇలాగే కదా ఉండేది తనకి, అనుకున్నాను. మధ్యాహ్నం సెలవు పెట్టి రాజమండ్రి వెళ్లి, ధర బేరమాడకుండా తెలుగు వచ్చే ఫోను కొన్నాను. సిమ్ము వేసి చూస్తే ఇలా ఉంది:

"అన్నయ్యా, పొద్దున్న వదిన వేసిన ఉప్మా నువ్వు మొహమాటానికి రెండోసారి వడ్డించుకున్నావు. నీ ముఖం చూసి పిల్లి కూడా జాలిపడింది. సాయంత్రం నేను గారెలు వేస్తాను, తొందరగా రా."

నడిరోడ్డు మీద నవ్వొచ్చింది. ఆ వెంటనే పక్క కొట్టు అరుగు మీద కూర్చుని మళ్లీ చదివాను. నాకు తెలిసిన సత్య రెయిన్ అనేది, కమ్ అనేది, ఫీవర్ అనేది. ఇంత చమత్కారం ఉన్న మనిషని నాకు తెలీదు. ఒకే ఇంట్లో పుట్టి పెరిగి, తన నోరు నేనేనని చెప్పుకుంటూ తిరిగి, తను మాట్లాడితే ఎలా ఉంటుందో నేనెన్నడూ వినలేదు. వరండా గట్టు మీద శ్రీను ఒక్క పూటలో విన్నాడు.

ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి పంపేది. చదివి నవ్వేవాణ్ణి. ప్రతి నవ్వు వెనకా ఆ ఇంగ్లీషు వాక్యం వచ్చి నిలబడేది. కొన్ని వారాలు ఓర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆఫీసులో భోజనాలకి అందరూ లేచాక, ఫోను తీసుకుని రాయడం మొదలుపెట్టాను. నాకు ఆ మీటల మీద తెలుగు సరిగ్గా రాదు. ఒక్కో ఒత్తుకీ వెతుక్కోవాలి. చాలాసేపు పట్టింది. అది మంచిదే అయింది, అందంగా చెప్పడానికి వీల్లేకపోయింది.

తెలుగు ఫోను ఆరోజే షాపులో ఉంది. నీ డబ్బు సరిపోయేది. నేనే కొనలేదు. శ్రీను రాసినవన్నీ నేను చదివాను. మా అన్నయ్యని మీ ఇంటికి పంపించనా అని అతను నిన్ను అడిగాడు. నీ చేత నేను పంపించింది, నాకిష్టం లేదు, ఇక రాయకు అని.

పంపాను. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను. సాయంత్రం అవుతుండగా జవాబు వచ్చింది.

"అతను రాసినవి గుర్తున్నాయా?"

కొన్ని, అని రాశాను.

"రాయి."

రాశాను. నెమలి సంగతి రాశాను. నీలమా ఆకుపచ్చా అన్నది రాశాను. వాన ఎలా ఉందో చెప్పు అన్నది రాశాను. అంటు గురించి అడిగింది రాశాను. చివరిది అక్షరం పోకుండా రాశాను. మధ్యలో ఒకటి ఉండేది, ఏదో రంగుల డబ్బా ఒలికిపోయిన కబురు, ఎంత తలుచుకున్నా పూర్తిగా గుర్తు రాలేదు. కల్పించి రాయొచ్చు. ఒకటి మరిచిపోయాను, రంగు ఒలికిందన్నట్టు గుర్తు, అంతకన్నా తెలీదు అని రాశాను. ఎవరో అన్న మాటల్ని తగ్గించకుండా, కలపకుండా తనకి అందించడం నా జీవితంలో అదే మొదలు. నాలుగేళ్లు ఆలస్యంగా.

ఇంటికెళ్లేసరికి వ్యాను వచ్చి ఉంది. సత్య మొక్కలు ఎక్కిస్తోంది. నన్ను చూసింది. ఆ ముఖంలో ఏముందో నేను చదవలేకపోయాను. కర్ర తట్ట రెండో కొస పట్టుకోమని గడ్డంతో చూపించింది. పట్టుకున్నాను. తట్టలన్నీ ఎక్కించేదాకా ఇద్దరం పనిచేశాం. వ్యాను వెళ్లిపోయాక తను మడి గట్టు మీద కూర్చుని ఫోను తీసింది. పై నుంచి కిందికి చదివింది. మళ్లీ పైకి వెళ్లింది. నేను లోపలికి వచ్చేశాను.

అంతే. దాని గురించి తను ఈనాటిదాకా ఒక్క మాట అనలేదు. గారెలు వేసిన రోజున నాకూ పెడుతుంది. చమత్కారాలు పంపుతుంది, మునుపటంత తరచుగా కాదు. డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళుతుంది. పెళ్లిళ్లలో నేను పక్కనే కూర్చున్నా, ఎవరైనా ఏమైనా అంటే ఫోను వాళ్లకే ఇచ్చి రాయమంటుంది. మొక్కలు బాగా అమ్ముడవుతాయి. పెళ్లి మాట ఎత్తితే వద్దంటుంది. బాగానే ఉంది కదా, ఏ పెళ్లి చేసుకుని ఎవరు సుఖపడ్డారు అని ఒక్కోసారి నా మనసు నాకు నచ్చచెప్పబోతుంది. దాన్ని కూర్చోబెడతాను. బాగుందో లేదో చెప్పవలసింది నేను కాదు.

నన్ను క్షమించావా అని అడగలేదు. అడిగితే మళ్లీ తన చేత నా కోసం ఒక మాట పంపించుకున్నట్టే అవుతుంది.

తనకి చెప్పాక కూడా ఇది ఎందుకు రాస్తున్నానంటే, మా ఇంట్లో, మా ఊళ్లో నేను ఇంకా మంచి అన్నయ్యనే. అమ్మ పోయేదాకా అలాగే అనుకుంది. ఆ మాట విని తల వంచుకుంటే వినయమనుకుంటారు. ఒక్కరైనా, ఎక్కడో ఒకరైనా, నేను చేసింది చేసినట్టు తెలుసుకోవాలని ఉంది. ఇప్పుడు మీకు తెలుసు. ఇందులో నేను దాచిందేమీ లేదు. బరువు పోయిందని అనను, అది నాదే, నా దగ్గరే ఉంటుంది. ఊపిరి మాత్రం కొంచెం లోపలిదాకా వెళుతోంది.